జిమ్‌కి గ్యాప్ ఇస్తే కండ కొవ్వు అయిపోదు, దయచేసి జనాన్ని భయపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షికలో ఈమధ్య ఒకరు అడిగారు: బరువులు ఎత్తే వ్యాయామం మొదలుపెట్టాలని ఉంది, కానీ ఉద్యోగం వల్ల మధ్యలో మానేయాల్సి వస్తుందేమో, అలా మానేస్తే ఒంటికి ఏమవుతుంది అని. దానికి వచ్చిన జవాబు ఏమిటంటే, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయాల్సిందే, మానేస్తే పెరిగిన కండంతా కొవ్వుగా మారిపోతుంది, ఒళ్లు మొదటికన్నా అధ్వానంగా తయారవుతుంది, కాబట్టి ఆపకుండా చేయగలమన్న నమ్మకం లేనివాళ్లు నడకతో సరిపెట్టుకోవడం మంచిది అని. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది, కుదిరినంత వేసుకోండి, కానీ దయచేసి మొత్తం చదవండి.

నేను డాక్టర్ని కాను, ట్రైనర్ని కూడా కాను. యాభై దాటినదాన్ని, చాలా ఏళ్లుగా బరువులు ఎత్తుతున్నదాన్ని, మధ్యలో ఇంటి పనులవల్లో ఒంట్లో బాగాలేకో గ్యాప్‌లు వచ్చి మళ్లీ మొదలుపెట్టినదాన్ని. మా అత్తయ్యగారి చేత కూడా చేయించాను, ఆవిడ సంగతి తర్వాత చెప్తాను. ఈ గ్యాప్‌ల విషయంలో చుట్టుపక్కల వాళ్లు తలో మాటా చెప్తుంటే, అసలు నిజమేమిటో తెలుసుకుందామని దొరికిన పరిశోధనలన్నీ కూర్చుని చదివాను. ఆ శీర్షికలో రాసింది తప్పు అని ఇంత గట్టిగా అనడానికి ఆ చదువే కారణం.

ముందు ఆ కొవ్వు మాట తేల్చేద్దాం. కండరం వేరు, కొవ్వు వేరు. కండరంలో ఉండేది సాగి ముడుచుకునే పోగులు, ఎక్కువ భాగం నీళ్లు, ప్రొటీన్. కొవ్వు కణాల్లో ఉండేది నూనె. ఎముక చర్మంగా మారడం ఎంత నిజమో కండ కొవ్వుగా మారడం అంతే నిజం. మానేసినప్పుడు జరిగేది వేరే. కండరపు పోగులు కొంచెం సన్నబడతాయి, అది ఒక సంగతి. మనిషి అంతకుముందు తిన్నట్టే తింటూ కదలడం తగ్గిస్తాడు కాబట్టి కొవ్వు చేరుతుంది, ఇది ఇంకో సంగతి. రెండూ ఒకేసారి జరుగుతాయి, రెండూ ఒకే ఒంట్లో జరుగుతాయి, అందుకని చూసేవాళ్లకి ఒకటి ఇంకొకటిగా మారినట్టు అనిపిస్తుంది. అంతే తప్ప ఒంట్లో అలాంటి మార్పిడి ఏదీ లేదు.

పోనీ కండ తగ్గితే ఒంట్లో కాలరీల ఖర్చు బాగా పడిపోయి లావెక్కిపోతారు అని ఇంకో వాదన ఉంది, అది కూడా చాలామంది నోట వింటుంటాం. లెక్క చూడండి. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు ఒక కిలో కండరం రోజుకి ఖర్చు పెట్టేది సుమారు 13 కాలరీలు. ఒక కిలో కండ మొత్తం పోయినా (గ్యాప్‌లో కిలో కండ పోవడం అంటే చిన్న విషయం కాదు) రోజుకి మిగిలేది ఒక చెంచా పంచదారంత కూడా కాదు. బరువు పెరిగితే కారణం తిండి, నడక తగ్గడం, నిద్ర, ఇలాంటివి. వాటిని సరిచేసుకోవచ్చు. జిమ్ మానేశాను కాబట్టి నా చేతుల్లో ఏమీ లేదు అనుకోవడమే అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఇక మానేశాక నిజంగా ఏమవుతుందో చూద్దాం. మొదటి వారం పది రోజుల్లో చాలామంది అద్దంలో చూసుకుని హడలిపోతారు. చొక్కా చేతులు వదులయ్యాయి, భుజాలు దిగిపోయాయి, తూకంలో కిలో కిలోన్నర తగ్గింది, అయిపోయింది, కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం కండ కాదు. వ్యాయామం చేసేవాళ్ల కండరాల్లో గ్లైకోజెన్ అనే ఇంధనం ఎక్కువగా నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది. వాడకం ఆగితే ఆ నిల్వ తగ్గుతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. కండరం కాస్త చప్పబడినట్టు కనిపిస్తుంది. మళ్లీ మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో ఆ నిండుదనం వచ్చేస్తుంది, అంత తొందరగా వచ్చేసిందంటే అది కొత్తగా పెరిగిన కండ కాదని, పోయింది కూడా కండ కాదని అర్థం.

బలం సంగతి ఇంకా బాగుంటుంది. కొంతకాలంగా చేస్తున్నవాళ్లు రెండు మూడు వారాలు మానేస్తే ఎత్తగలిగే బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు, నాలుగు వారాలకి కూడా నష్టం కొద్దిగానే ఉంటుంది. ముజికా, పాడిల్లా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి రాసిన రెండు భాగాల వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చూసేది, అందులోనూ ఇదే చెప్పారు. కారణం ఏమిటంటే బలం అనేది కండ లావుతో మాత్రమే వచ్చేది కాదు. ఏ కండరాన్ని ఎప్పుడు, ఎంత గట్టిగా బిగించాలో మెదడూ నరాలూ నేర్చుకుంటాయి. మొదలుపెట్టిన కొత్తలో కండ పెద్దగా పెరగకుండానే బరువులు పెంచుకుంటూ పోతామే, అది నరాల పనే. ఆ నేర్పు అంత త్వరగా మరుపుకి రాదు. అందుకే నెల తర్వాత వెళ్లి స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేవడం) చేస్తే మొదటి సెట్, అంటే ఆపకుండా వరసగా చేసే మొదటి విడత, కొత్తగా అనిపిస్తుంది, రెండో సెట్‌కి కాళ్లు సర్దుకుంటాయి.

ముందుగా పోయేది స్టామినా. మెట్లెక్కితే ఆయాసం, రెండు సెట్ల మధ్య ఎక్కువసేపు కూర్చోవాల్సి రావడం, గుండె దడదడలాడటం, ఇవన్నీ బలం తగ్గకముందే వచ్చేస్తాయి. రక్తంలో ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) పరిమాణం కొద్ది వారాల్లోనే తగ్గుతుంది, గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గుతుంది. 1984లో కోయల్ బృందం పరుగు, సైక్లింగ్ బాగా చేసేవాళ్ల చేత అభ్యాసం ఆపించి చూస్తే, ఒళ్లు వాడుకోగలిగే గరిష్ఠ ఆక్సిజన్ 3 వారాల్లో 7 శాతం, 12 వారాలకి 16 శాతం తగ్గింది. వాళ్లు బరువులెత్తేవాళ్లు కారు నిజమే, కానీ ఏది ముందు పోతుందన్నది దీంతో తెలుస్తుంది. గ్యాప్ తర్వాత జిమ్‌కి వెళ్లినవాళ్లు 'నాలో బలం అస్సలు లేదు' అని వాపోతుంటారు కదా, ఒక్కసారి జాగ్రత్తగా చూడమనండి. చాలాసార్లు బరువు లేస్తూనే ఉంటుంది, ఊపిరే అందదు.

నెలలు గడిస్తే మాత్రం కండ తగ్గుతుంది, ఎవరూ కాదనరు. పోగులు సన్నబడతాయి, అందులోనూ వేగంగా బిగుసుకునే రకం పోగులు ఎక్కువ సన్నబడతాయి. అయినా సంపాదించుకున్నదంతా పోయి మళ్లీ మొదటి స్థితికి దిగిపోవడం అంత తేలిగ్గా జరగదు. స్టారన్ బృందం 1991లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది ఆడవాళ్ల మీద చేసింది. 20 వారాలు గట్టిగా కాళ్ల వ్యాయామం చేయించారు, తర్వాత 30 వారాలకు పైగా పూర్తిగా మాన్పించేశారు. అంటే ఏడు నెలలకు పైనే. ఆ తర్వాత 6 వారాలు మళ్లీ చేయిస్తే పోయిన కండ, తగ్గిన బలం చాలావరకు తిరిగొచ్చేశాయి. ఐదు నెలల దాకా పట్టి సంపాదించుకున్నది ఏడు నెలలు వదిలేసినా నెలన్నరలో చేతికొచ్చింది. ఇలాంటిది చదివిన మనిషి 'జీవితాంతం చేయగలిగితేనే మొదలుపెట్టు' అని ఎలా చెప్పగలడు?

అది పాతకాలం నాటిది, కొద్దిమంది మీద చేసింది అంటారేమో. 2024లో ఫిన్లాండ్‌లోని య్యువాస్క్యులా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించింది చూడండి. ఒక గుంపు 20 వారాలు ఆపకుండా చేసింది. ఇంకో గుంపు 10 వారాలు చేసి, 10 వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ 10 వారాలు చేసింది. చివరికి కండలోగానీ బలంలోగానీ రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మానేసిన ఆ రెండున్నర నెలల్లో కండ పరిమాణం తగ్గినంతగా బలం తగ్గలేదు, మళ్లీ మొదలుపెట్టిన తొలి వారాల్లో పుంజుకోవడం చాలా వేగంగా జరిగింది. అంతకుముందు 2013లో జపాన్‌లో ఒగసావరా బృందం ఇంకో రకంగా చూసింది, బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువు పైకి తోయడం) చేసే కుర్రాళ్లలో ఒక గుంపుని 6 వారాలు చేసి 3 వారాలు ఆపమన్నారు, మళ్లీ 6 వారాలు, మళ్లీ 3 వారాలు ఆపు, అలా. 24 వారాల తర్వాత చూస్తే ఆపకుండా చేసినవాళ్లతో ఇంచుమించు సమానంగా వచ్చారు. ఉద్యోగంలో బదిలీలు, క్యాంపులు, పరీక్షలు, పసిపిల్లలు, ఇవన్నీ ఉన్న మనిషికి ఈ ఒక్క మాట ఎంత ధైర్యమిస్తుందో ఆలోచించండి.

ఒళ్లు ఇదంతా ఎలా గుర్తుపెట్టుకుంటుంది అన్నది ఇంకా తేలుతున్న విషయం, కానీ ఆసక్తికరమైనది కాబట్టి రెండు మాటలు. కండరపు పోగుకి మామూలు కణంలా ఒక్కటి కాదు, ఎన్నో కేంద్రకాలుంటాయి. వ్యాయామంతో పోగు లావెక్కేటప్పుడు పక్కనున్న కణాల నుంచి కొత్త కేంద్రకాలు వచ్చి చేరతాయి. 2010లో ఓస్లో విశ్వవిద్యాలయంలో గుండర్సన్ బృందం ఎలుకల్లో చూసిందేమిటంటే, తర్వాత పోగు సన్నబడినా ఆ కేంద్రకాలు పోకుండా ఉండిపోయాయి. మనుషుల్లో కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుందా అన్నదాని మీద వాదనలున్నాయి. ఇంకోవైపు 2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు మనుషుల కండరం నుంచి చిన్న ముక్కలు తీసి చూశారు. 7 వారాల వ్యాయామంతో డీఎన్ఏ మీద వచ్చిన కొన్ని రసాయన గుర్తులు 7 వారాలు మానేశాక కూడా చెరిగిపోలేదు, రెండోసారి చేసినప్పుడు ఆ జన్యువులు ఇంకా చురుగ్గా పనిచేశాయి. కారణం ఏదైనా, ఒకప్పుడు చేసిన ఒళ్లు, అసలు చేయని ఒళ్లు ఒకటి కావు. ఆపేస్తే మొదటికన్నా అధ్వానమైపోతారన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ శీర్షిక నిజంగా హెచ్చరించాల్సిన చోటికి వస్తాను. జిమ్ మానేసి మామూలుగా తిరుగుతూ ఉండటం ఒకటి, మంచాన పడటం పూర్తిగా ఇంకొకటి. ఈ రెండిటినీ కలిపి చూడటంవల్లే సగం భయాలు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల కాలుకి కట్టు వేసి కదలకుండా ఉంచితే 5 రోజుల్లోనే తొడ ముందు కండరం మూడున్నర శాతం దాకా, దాని బలం 9 శాతం దాకా తగ్గాయని నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనలో తేలింది, 2 వారాలకి బలం దాదాపు నాలుగో వంతు పోయింది. కుర్రాళ్లకే అలా అయితే పెద్దవాళ్ల మాటేమిటి? 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్లని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే ఒక్క కాళ్ల నుంచే దాదాపు కిలో కండ పోయింది. జ్వరం లేదు, ఆపరేషన్ లేదు, ఉత్తగా పడుకున్నందుకు.

మా అత్తయ్యగారికి న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇది కళ్లారా చూశాను. ఆక్సిజన్ అందింది, జ్వరం తగ్గింది, ఇంటికి పంపేశారు, అందరం హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున బాత్రూంలోంచి పిలిచారు. కమోడ్ మీద నుంచి లేవలేకపోతున్నారు. గోడకి చెయ్యి ఆనించి, ముందుకి వంగి, రెండుసార్లు ఊగి, మళ్లీ కూలబడిపోతున్నారు. తొడలు వణుకుతున్నాయి. నేను చంకల కింద చేతులు పెట్టి లేపబోతే 'వద్దమ్మా, ఇంకొక్కసారి చూస్తాను' అన్నారు, ఆవిడ కళ్లల్లో భయం నాకు ఇప్పటికీ గుర్తే. పదిహేను రోజుల క్రితం దాకా తన పనులన్నీ తానే చేసుకున్న మనిషి. ఆస్పత్రిలో మందుల చీటీ ఇచ్చారు, ఊపిరితిత్తుల ఎక్స్‌రే మళ్లీ ఎప్పుడు తీయించాలో చెప్పారు, కాళ్ల గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. రెస్ట్ తీసుకోమన్నారు. అదే రెస్ట్ ఇంట్లో ఇంకో నెల తీసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె జారుతుంది.

ఫిజియోథెరపిస్ట్ వచ్చి మొదలుపెట్టింది కుర్చీతో. ఎత్తు కుర్చీ మీద దిండు వేసి కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవమనడం, మెల్లగా కూర్చోమనడం. కూర్చునేటప్పుడు ధబేల్న పడకుండా మూడు లెక్కపెట్టేదాకా దిగాలి, అసలు కష్టం అక్కడే. కొన్నాళ్లకి దిండు తీసేశారు, ఇంకొన్నాళ్లకి చేతుల్లో చిన్న నీళ్ల సీసాలు, తర్వాత డంబెల్స్. ఆవిడ ఇప్పుడు ఎవరి సాయం లేకుండా లేస్తారు. మధ్యలో పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ గ్యాప్ వస్తే మళ్లీ దిండు వేసుకుని మొదలుపెడతారు, అంతే.

పెద్దవాళ్ల విషయంలో రెండు అంకెలు చెప్పి తీరాలి. 1990లో బోస్టన్‌లో ఫియటరోన్ బృందం, 90 ఏళ్ల ప్రాంతంలో ఉండి వృద్ధుల కేంద్రంలో ఉంటున్న బలహీనుల చేత 8 వారాలు బరువుతో కాళ్ల వ్యాయామం చేయించింది. బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో కూడా కండరం మాట వింటుంది అనడానికి ఇంతకన్నా ఏం కావాలి. అయితే అదే పరిశోధనలో, ఆపేసిన 4 వారాలకే ఆ గరిష్ఠ బలంలో 32 శాతం పోయింది. కుర్రవాళ్లకి నెల గ్యాప్ పెద్ద లెక్కలోది కాదు, తొంభై ఏళ్లవాళ్లకి అది చాలా పెద్దది. ముప్పై దాటాక పదేళ్లకి 3 నుంచి 8 శాతం చొప్పున కండ ఎలాగూ తరుగుతూ ఉంటుంది, అరవై తర్వాత ఆ తరుగుదల ఇంకా ఎక్కువ. దీనికి సార్కోపీనియా అని పేరు కూడా ఉంది. వయసు మళ్లినవాళ్లకి ఆపొద్దు అని చెప్పండి, ఒప్పుకుంటాను. కానీ ఎవరికి చెప్తున్నామో చూసుకుని చెప్పాలి కదా. ముప్పైల్లో ఉండి ఉద్యోగంతో సతమతమయ్యే మనిషికి ఈ భయం చెప్పడం ఏం న్యాయం?

పూర్తిగా ఆపేయడానికీ పూర్తిగా చేయడానికీ మధ్య చాలా చోటుంది, ఆ జవాబులో లేనిదే అది. 2011లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో బికెల్ బృందం 70 మంది చేత 16 వారాలు, వారానికి మూడు రోజులు చేయించింది. తర్వాత 32 వారాలు కొందరిని పూర్తిగా మానేయమన్నారు, కొందరిని అంతకుముందు చేసినదాంట్లో మూడో వంతు, ఇంకొందరిని తొమ్మిదో వంతు చేయమన్నారు. తొమ్మిదో వంతు అంటే వారానికి ఒక్కరోజు, ఒక్కో వ్యాయామం ఒక్కటే సెట్. బరువు మాత్రం తగ్గించలేదు, అది ముఖ్యం. 20 నుంచి 35 ఏళ్లవాళ్లు ఆ ఒక్క సెట్‌తోనే కండ నిలుపుకున్నారు. 60 దాటినవాళ్లకి కండ నిలవాలంటే అంతకన్నా ఎక్కువ కావాల్సి వచ్చింది, అయినా బలం చాలావరకు నిలిచింది. వారంలో ఒక్క పూట. ఆ ప్రశ్న అడిగినవారికి చెప్పాల్సింది ఇది. ఉద్యోగం నెత్తిన పడ్డ నెలల్లో వారానికి ఒకసారి వెళ్లి, స్క్వాట్ ఒకటి, తోసేది ఒకటి, లాగేది ఒకటి, మామూలుగా ఎత్తే బరువుతోనే ఒక్కో సెట్ చేసి వచ్చేయండి. ఊళ్లు తిరుగుతుంటే గదిలో పుష్-అప్స్, ఒంటికాలి మీద కూర్చుని లేవడం. చెయ్యో కాలో విరిగి కట్టు వేసుంటే రెండోవైపు వ్యాయామం ఆపకండి, ఒకవైపు చేస్తే కట్టులో ఉన్న వైపు కూడా బలం తక్కువ తగ్గుతుంది, నరాల వల్ల జరిగేదే ఇదీనూ. డాక్టర్‌ని అడిగి చేయండి, అంతవరకే.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. మనం తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని లాక్కునేది కండరాలే. వ్యాయామం చేసినప్పుడు ఇన్సులిన్ బాగా పనిచేసే ఆ ప్రభావం రెండు మూడు రోజులకి మించి ఉండదు. కండ, బలం వారాల తరబడి నిలుస్తాయి గానీ ఇది నిలవదు. కాబట్టి జిమ్ ఆపినా భోజనం తర్వాత నడక మానకండి, గ్యాప్‌లో షుగర్ చూపించుకోండి. నడకతో సరిపెట్టుకోమన్న మీ శీర్షిక సలహాలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉందంటే ఇక్కడే.

తిరిగి మొదలుపెట్టడం దగ్గర అసలు ప్రమాదాలున్నాయి, వాటి గురించి ఎవరూ రాయరు. మానేసినప్పుడు పోయేవాటిలో కండరం నొప్పిని తట్టుకునే అలవాటు కూడా ఒకటి. అలవాటైన వ్యాయామంతో ఒళ్లు పెద్దగా నొప్పి పెట్టదు, అదే వ్యాయామం నెలల తర్వాత చేస్తే రెండో రోజుకి మెట్లు దిగలేం, కుర్చీలో కూర్చోవాలంటే ప్రాణం మీదకి వస్తుంది. నరాలకి పాత బరువు గుర్తుంది కాబట్టి మొదటిరోజు అది లేచేస్తుంది కూడా. అదే వల. ఎముకకి కండరాన్ని కలిపే స్నాయువులు కండరమంత వేగంగా పుంజుకోవు, అవి నెమ్మది. కండ తిరిగొచ్చిందని బరువు పెంచుకుంటూ పోతే మోచేయో మోకాలి చిప్ప కిందో భుజమో పట్టేస్తుంది, అప్పుడు వచ్చే గ్యాప్ మొదటి గ్యాప్ కన్నా పొడుగు. అరచేతుల్లో చర్మం సంగతి సరేసరి, గట్టిపడిన కాయలు గ్యాప్‌లో మెత్తబడి పొరలు పొరలుగా ఊడిపోతాయి, తిరిగి వెళ్లిన రోజు బార్ పట్టుకుని వేలాడితే వేళ్ల మొదట్లో లేత చర్మం చిట్లుతుంది. ఇవన్నీ తగ్గేవే.

తగ్గనిది, ఆస్పత్రికి పరిగెత్తాల్సింది ఒకటుంది. చాలాకాలం తర్వాత వచ్చి, పక్కనున్న కోచో స్నేహితులో రెచ్చగొడితే శక్తికి మించి సెట్ల మీద సెట్లు చేసినవాళ్లలో అరుదుగా కండరం పోగులు భారీగా చిట్లి, అందులోని పదార్థం రక్తంలోకి వచ్చేసి మూత్రపిండాల మీద పడుతుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. చెయ్యో తొడో విపరీతంగా వాచి, నొప్పి మామూలుగా లేక, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తుంటే ఒళ్లునొప్పులే అని నిద్రపోకూడదు, వెంటనే వెళ్లాలి. మొదటి వారం పాత బరువులో సగం, ఒకటి రెండు సెట్లు, ఇంకా చేయగలను అనిపిస్తుండగానే ఆపేయడం, ఆ తర్వాత వారం వారం కొంచెం కొంచెం పెంచుకోవడం. కొందరు అక్కయ్యలూ అన్నయ్యలూ మానేసిన రోజులన్నీ ఒక్కరోజులో కక్కించాలన్నట్టు చేస్తుంటారు, చూస్తుంటే నాకే టెన్షన్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లందరూ వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయాలని ఉంది, 65 దాటినవాళ్లు బలం, నిలకడ రెండూ వచ్చే వ్యాయామాలు వారంలో మూడు రోజులు చేయాలని ఉంది. నడక దీనికి బదులు కాదు, నడకకి తోడుగా ఇది. ఇలా చెప్పాక, మధ్యలో ఆగిపోతుందేమో అన్న అనుమానం ఉంటే మొదలే పెట్టకండి అని ఒక పత్రిక రాస్తే ఎవరు ఆగిపోతారో తెలుసా? పిల్లలున్న ఆడవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో మంచానపడ్డవాళ్లని చూసుకునేవాళ్లు. ఏడాది పొడుగునా ఆపకుండా చేస్తామని మాట ఇవ్వగలిగే తీరిక ఉన్నవాళ్లు ఎలాగూ చేస్తారు. ఇవ్వలేనివాళ్లే ఎక్కువమంది, వాళ్లకే ఇది ఎక్కువ అవసరం, వాళ్లనే మీ జవాబు గుమ్మంలోనే ఆపేసింది.

నేను అడిగేవి రెండే. కండ కొవ్వుగా మారదని, మానేసినా మొదటికన్నా అధ్వానం కారని, అదే శీర్షికలో, అదే చోట, చిన్న సవరణ వేయండి. రెండోది, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దవాళ్లు కుర్చీలోంచి లేవడం మళ్లీ ఎలా నేర్చుకోవాలో, ఏ ఇబ్బంది ఉన్నవాళ్లు ఏది చేయకూడదో, అర్హత ఉన్న ఫిజియోథెరపిస్ట్ చేత బొమ్మలతో సహా రాయించండి. ఆ పేజీలో అక్షరాలు కాస్త పెద్దవిగా వేయించండి, చదవాల్సింది వాళ్లే కాబట్టి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు